విప్పితే తెలిసే ధర

పాత కారు చూడటానికి వెళ్ళినవాళ్ళు ముందు పెయింటు చూస్తారు, తరవాత మీటరు చూస్తారు, ఆపైన ఏసీ వేసి చూస్తారు. అనుభవమున్న మెకానిక్ మాత్రం ముందుగా బోనెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా తగిలిందంటే అమ్మే మనిషిని అడిగేది ఒకటే: "సార్, పొద్దున్నే బండి ఎక్కడికైనా తిప్పారా?" కొనేవాళ్ళు వచ్చేలోపు ఇంజన్‌ను వేడెక్కించి ఉంచడం నేరమేమీ కాదు. కానీ చల్లగా ఉన్న ఇంజన్ మొదటి అర నిమిషంలో బయటపెట్టే సంగతులు చాలా ఉంటాయి. వేడెక్కాక అవి దాక్కుంటాయి.

రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌లో ఆయిల్ చాలావరకు కిందికి జారి సంపులో చేరుతుంది. తాళం తిప్పాక పంపు దాన్ని మళ్ళీ పైదాకా ఎక్కించడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆ ఆయిల్ ఒత్తిడి మీదే పనిచేస్తుంది. అది అరిగిపోయి ఉంటే ఆ కాస్త వ్యవధిలో గలగలమని చప్పుడు వస్తుంది, ఒత్తిడి పెరగగానే ఆగిపోతుంది. వాల్వుల సీళ్ళు గట్టిపడిపోయి ఉంటే రాత్రి పూట ఆయిల్ బొట్టుబొట్టుగా సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి ఒక్క గుప్పెడు నీలిపొగ వచ్చి మాయమైపోతుంది. అల్యూమినియం పిస్టన్ చల్లగా ఉన్నప్పుడు కుంచించుకుని ఉంటుంది. సిలిండర్ గోడ అరిగి ఉంటే మధ్యలో సందు పెరిగి టకటకమని కొట్టుకుంటుంది. వేడికి పిస్టన్ వ్యాకోచించాక సందు మూసుకుపోయి చప్పుడు తగ్గుతుంది. డీజిల్ బండి అయితే, గ్లో ప్లగ్గులు పోయినప్పుడు చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి, తెల్లపొగ కక్కుతుంది.

పాత కారుకు మనం రెండు చోట్ల డబ్బు కడతాం. ఒకటి అమ్మేవాడికి. రెండోది, అతను చేయించకుండా వాయిదా వేస్తూ వచ్చిన పనులకు షెడ్డులో. మొదటి ధర బేరమాడితే తగ్గుతుంది. రెండోదాని మీద బేరం దాదాపు నడవదు. ఆ రెండో ధర ఎంతవుతుందన్నది, పాడైన సామాను ఖరీదు కన్నా మరో రెండు విషయాల మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఒకటి, ఆ సామాను బండిలో ఎంత లోతున ఉంది. రెండు, తనతో పాటు ఇంకా వేటిని పాడుచేస్తుంది. పాత కారు రిపేరు లెక్కలన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

లోతును బట్టి కూలీ

బ్రేక్ ప్యాడ్లు మార్చాలంటే చక్రం విప్పితే చాలు. క్లచ్ ప్లేటు సంగతి వేరు. అది ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. దాన్ని చేరుకోవాలంటే డ్రైవ్ షాఫ్టులు లాగి, మౌంటింగులు విప్పి, గేర్‌బాక్స్‌ను కిందికి దించాలి. అందుకే మంచి మెకానిక్ ప్లేటు ఒక్కటే మార్చి వదలడు. ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కూడా అప్పుడే మార్చేయమంటాడు. ఆరు నెలలకు బేరింగు అరిస్తే గేర్‌బాక్స్ దించే కూలీ మళ్ళీ మొదటినుంచీ కట్టుకోవాలి కదా. కొన్ని డీజిల్ కార్లలో కుదుపులు మింగడానికి రెండు భాగాలుగా చేసిన ఫ్లైవీల్ ఉంటుంది. అది కూడా పోయి ఉంటే క్లచ్ సెట్టు కన్నా దాని ఖరీదే ఎక్కువ కావచ్చు.

క్లచ్ పరిస్థితి తెలుసుకోవడానికి ఏమీ విప్పనక్కర్లేదు. బండిని పై గేరులో నెమ్మదిగా పోనిస్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, మంచి క్లచ్ ఉన్న బండిలో ఇంజన్ వేగం, బండి వేగం కలిసి పెరుగుతాయి. ఇంజన్ ఆర్పీఎం రయ్యిమని లేచి బండి మాత్రం బద్ధకంగా కదిలిందంటే ప్లేటు జారుతోంది. రాపిడికి పట్టు ఇచ్చే పూత అరిగిపోయింది.

టైమింగ్ బెల్టు కూడా ఈ కోవలోదే. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా చూసేది రబ్బరు బెల్టు లేదా ఇనుప చైన్. చాలా ఇంజన్లలో వాల్వు కిందికి దిగే చోటూ పిస్టన్ పైకి వచ్చే చోటూ ఒకటే. వంతులవారీగా వాడుకుంటాయి. నిమిషానికి 3000 చుట్ల వేగంలో పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకి వస్తుంది. ఆ వేగంలో బెల్టు తెగితే తెరిచి ఉన్న వాల్వుల్ని పిస్టన్లు గుద్ది వంచేస్తాయి. బెల్టు మార్పిడితో పోయేది కాస్తా హెడ్డు విప్పే పని అవుతుంది. పైగా రబ్బరుకు కిలోమీటర్లతో పాటు వయసు కూడా లెక్కే. పదేళ్ళలో 40 వేల కిలోమీటర్లే తిరిగిన బండి బెల్టు కొత్తదేమీ కాదు. మార్చిన బిల్లు కనబడకపోతే మార్చలేదనే అనుకుని లెక్క వేసుకోవాలి.

చిన్న సామాను, పెద్ద బిల్లు

ఒక లోపం ఇంకొకదాన్ని ఎలా ఈడ్చుకొస్తుందో చూడాలంటే కూలింగ్ వ్యవస్థను చూడాలి. ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ ఒత్తిడిలో ఉంటుంది. రేడియేటర్ మూత దాదాపు ఒక బార్ అదనపు ఒత్తిడిని ఆపి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో మంచినీళ్ళయినా 100 డిగ్రీల దగ్గర కాకుండా దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. గ్లైకాల్ కలిసిన కూలెంట్‌కు ఆ హద్దు ఇంకా పైన ఉంటుంది. మూత సీలు వదులైనా, ఒక పైపు చిన్నగా కారినా ఒత్తిడి నిలవదు, మరిగే హద్దు పడిపోతుంది. సిలిండర్ల చుట్టూ ఆవిరి బుడగలు చేరతాయి. ద్రవం లాగినంత వేడిని ఆవిరి లాగలేదు. వందల్లో, మహా అయితే ఒకటి రెండు వేలల్లో దొరికే థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయినా జరిగేది ఇదే.

ఇక్కడి నుంచి లోహం పని మొదలవుతుంది. సిలిండర్ హెడ్డు అల్యూమినియంతో చేస్తారు. కింది బ్లాకు ఇనుముదైతే రెండూ ఒకేలా వ్యాకోచించవు. 400 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్డు 80 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు మిల్లీమీటరు దాకా సాగుతుంది. అదే పొడవున్న ఇనుము అందులో సగమే సాగుతుంది. మధ్యలో నలిగేది గ్యాస్‌కెట్. మామూలు వేడికి అది తట్టుకునేలాగే తయారుచేస్తారు. హద్దు దాటి కాగినప్పుడు మాత్రం గ్యాస్‌కెట్ కాలిపోతుంది, హెడ్డు వంగుతుంది. చాలా ఇంజన్లలో మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వంగినా హెడ్డును లేత్ షాపుకు పంపి ఫేసింగ్ చేయించాల్సిందే. మూతకు పెట్టని డబ్బు గ్యాస్‌కెట్టు, ఫేసింగు, విప్పి బిగించే కూలీ కలిపి పదివేలు దాటి, బండిని బట్టి అంతకు ఎన్నో రెట్లకు పోతుంది.

దీని గుర్తులు కంటికి కనబడతాయి. ఆయిల్ మూత లోపలివైపు మీగడ రంగు జిగురు పేరుకుంటే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తూ ఉండవచ్చు. దగ్గర దగ్గర తిరిగే బండిలో తేమ వల్ల కూడా కొద్దిగా పేరుకుంటుంది కాబట్టి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ కూడా చూడాలి. కూలెంట్ డబ్బాలో ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్ గ్యాసు అటు దారి చేసుకుందని అర్థం. డబ్బాలో రంగు కూలెంట్ బదులు తుప్పు నీళ్ళు కనబడితే, ఎక్కడో కారుతుంటే పంపు నీళ్ళు పోస్తూ నెట్టుకొచ్చారని అనుమానించాలి. ఉష్ణోగ్రత ముల్లును పూర్తిగా నమ్మడానికి లేదు. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సర్ ద్రవంలో మునగదు. అప్పుడు ముల్లు మామూలు చోటే నిలబడి ఉన్నా లోపల ఇంజన్ కాగిపోతూ ఉండవచ్చు.

ఆయిల్ తాగే ఇంజన్

మన షెడ్లలో ఒక పరీక్ష ఉంది. ఇంజన్ ఆన్ చేసి, ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద చెయ్యి పెట్టి చూస్తారు. గుప్పుగుప్పుమని గాలి తంతూ పొగ వస్తే "బ్యాక్ కంప్రెషన్ ఉంది" అంటారు. దాని వెనుక భౌతికశాస్త్రం సూటిగానే ఉంటుంది. సిలిండర్‌లో పేలిన గ్యాసును పైనే ఆపాల్సినవి పిస్టన్ రింగులు. అవి అరిగినా, మసితో బిగుసుకుపోయినా గ్యాసు పక్కనుంచి కిందికి దూరి క్రాంక్‌కేస్‌లో చేరుతుంది. అక్కడి నుంచి ఆయిల్ ఆవిరిని మోసుకుంటూ పైకి తన్నుకొస్తుంది. అదే దారిన ఆయిల్ పైకెక్కి సిలిండర్‌లో మండుతుంది, నీలిపొగ వస్తుంది.

చెయ్యి అంచనా చెబుతుంది, గేజి అంకె చెబుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ చోట కంప్రెషన్ గేజి బిగించి సెల్ఫ్ కొడితే, ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్ మామూలుగా 10 బార్‌కు పైన చూపిస్తుంది. డీజిల్ అయితే దానికి రెట్టింపో ఇంకా ఎక్కువో ఉంటుంది. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడాయే ముఖ్యం. మూడు ఒకలా ఉండి నాలుగోది బాగా తక్కువ చూపిస్తే లోపం అక్కడ ఉంది. ఆ సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్ళీ చూస్తారు. అంకె పెరిగితే ఆయిల్ రింగుల సందును తాత్కాలికంగా మూసిందన్నమాట, కాబట్టి రింగులు పోయాయి. పెరగకపోతే వాల్వులో గ్యాస్‌కెట్టో అనుమానించాలి. గంటలోపు అయ్యే ఈ పరీక్ష, ఇంజన్ దించి బోరింగ్ చేయించే ఖర్చు ముందుందో లేదో తేల్చేస్తుంది.

టర్బో ఉన్న బండిలో ఆయిల్ నిర్లక్ష్యం ఇంకా ఖరీదైనది. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో దాని షాఫ్టును మోసేది పలచటి ఆయిల్ పొరే. ఆయిల్ సమయానికి మార్చకపోతే ముద్దగా మారి సన్నటి దారులు మూసుకుపోతాయి, పొర తెగుతుంది. ఆదా అయిందనుకున్న ఒక్క సర్వీసు ఖర్చు తరవాతి యజమాని మెడకు టర్బో బిల్లుగా చుట్టుకుంటుంది.

మీటరు మీద నమ్మకం ఎంత?

తిరిగిన కిలోమీటర్లను ఇప్పటి కార్లు చిప్పులో దాచుకుంటాయి. సరైన పరికరముంటే ఆ అంకెను మార్చేయవచ్చు. ఇది అన్ని దేశాల్లోనూ ఉన్న బెడదే. అమెరికా 1972లోనే మీటరు వెనక్కి తిప్పడాన్ని కేంద్ర చట్టంతో నిషేధించింది. అయినా ఏటా 4,50,000కు పైగా బండ్లు తప్పుడు మీటరుతో అమ్ముడవుతున్నాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ అంచనా. బెల్జియం 2006 నుంచి ఇంకో దారి పట్టింది. బండి షెడ్డుకు వచ్చిన ప్రతిసారీ మీటరు అంకెను ఒకచోట నమోదు చేసి, అమ్మేటప్పుడు ఆ చరిత్ర పత్రం కొనేవాడి చేతికి ఇచ్చేలా నిబంధన పెట్టింది.

మన దగ్గర ఆ పని కొనేవాడే చేసుకోవాలి. కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డులో తేదీల పక్కన కిలోమీటర్లుంటాయి. పాత బీమా కాగితాలు, పొల్యూషన్ సర్టిఫికెట్లు వరస పెట్టి చూస్తే బండి కథ కొంత తెలుస్తుంది. మీటరును తిప్పినంత తేలిగ్గా అరుగుదలను తిప్పలేరు. 35 వేలు తిరిగిందంటున్న బండిలో క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ మెరుస్తూ, డ్రైవర్ సీటు అంచు కుంగి ఉంటే ఆ అంకె నమ్మదగింది కాదు. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 3521 అంటే 2021లో 35వ వారం. 2021 బండికి 30 వేల కిలోమీటర్లకే టైర్లు మార్చి ఉంటే ఎందుకని అడగాలి.

నీళ్ళలో మునిగినవి

2015లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. ప్రతి వరదలోనూ వేలకొద్దీ కార్లు సెల్లార్లలో, వీధుల్లో మునిగాయి. బండి బాగుచేసే ఖర్చు దాని బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీలు దాన్ని పూర్తి నష్టంగా లెక్కకట్టి డబ్బు ఇచ్చేస్తాయి. బండి మాత్రం తుక్కులోకే పోతుందన్న హామీ లేదు. వేలంలో కొని, కడిగి, ఆరబెట్టి, వేరే ఊళ్ళో అమ్మేవాళ్ళు ఉంటారు.

మునిగిన బండిలో రెండు రకాల చేటు జరుగుతుంది. మొదటిది అప్పటికప్పుడు జరిగేది. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 10 అయితే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 33 సీసీ మాత్రమే. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. అంతకుమించి నీళ్ళు లోపలికి పోయి ఉండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్డుతో బండి కొంతకాలం నడుస్తుంది కూడా, తరవాత ఏదో ఒక రోజు విరుగుతుంది.

రెండోది నెమ్మదిగా జరిగేది. వరదనీరు మురుగు, ఉప్పు కలిసిన నీరు. అది వైర్ల కనెక్టర్లలో చేరితే, కరెంటు పారే పిన్నుల మధ్య విద్యుత్ రసాయన చర్య సాగుతుంది. రాగి పచ్చగా చిలుము పట్టి, తాకిడి చోట నిరోధం పెరుగుతుంది. ఈ పని పూర్తి కావడానికి నెలలు పడుతుంది. అందుకే కొన్నప్పుడు బాగానే ఉన్న బండిలో ఆరు నెలలకు పవర్ విండో ఆగుతుంది, ఏడాదికి ఏబీఎస్ లైటు వెలుగుతుంది, ఆపైన నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగుతుంది. ఒక్కో లోపం చిన్నదే అయినా అవి ఎప్పటికీ తెమలవు. సీటు బెల్టు చివరిదాకా లాగి నీటి చార కోసం చూడాలి. సీట్ల పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ల లోపల చెమ్మ, ఏసీ వేయగానే ముక్క వాసన ఉన్నాయేమో చూడాలి. వీటిలో రెండు కలిసి కనబడితే, ఎంత తక్కువకు ఇస్తానన్నా వదిలేయడమే లాభం.

లప్పం కింద ఇనుము

ఫ్యాక్టరీ పెయింటు మందం మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. సొట్ట తీసి లప్పం పెట్టి రంగు వేసిన చోట అది ఎన్నో వందల మైక్రాన్లకు పోతుంది. మందం కొలిచే చిన్న పరికరం రేకు ఇనుముదైతే అయస్కాంత ప్రేరణ మీద, అల్యూమినియందైతే సుడి ప్రవాహాల మీద పనిచేస్తుంది. డోరు మీద గీత పడి రంగు వేయించడం పెద్ద విషయం కాదు. బోనెట్, ముందు పిల్లర్, లోపలి రెయిల్ అన్నీ వరసగా మందంగా ఉంటే బండి గట్టిగానే గుద్దుకుందని అర్థం.

దీన్ని పట్టించుకోవడానికి డబ్బుకు మించిన కారణం ఉంది. ఇప్పటి కార్లలో పిల్లర్ల వంటి కీలకమైన చోట్ల బోరాన్ కలిపిన ఉక్కును బాగా కాచి, అచ్చులోనే వేగంగా చల్లార్చి వాడుతున్నారు. దాని బలం దాదాపు 1500 మెగాపాస్కల్స్. ఆ బలమంతా వేగంగా చల్లారడం వల్ల లోపల ఏర్పడిన స్ఫటిక నిర్మాణం నుంచి వచ్చింది. వంగిన భాగాన్ని గ్యాసు మంటతో కాచి సుత్తితో తిన్నగా చేస్తే ఆకారం తిరిగి వస్తుంది, బలం రాదు. రంగు వేశాక అసలు పిల్లరూ, కాచి తిన్నగా చేసినదీ ఒకేలా కనిపిస్తాయి. తేడా రెండో ప్రమాదంలో తెలుస్తుంది.

కంప్యూటర్ చెప్పేది, చెప్పనిది

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాన్ని ఓబీడీ అంటారు. అమెరికాలో 1996 నుంచి, మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి రెండో తరం ఓబీడీ తప్పనిసరి. వెయ్యి రెండు వేల రూపాయల స్కానర్ అందులో పెట్టి ఫోన్‌కు కలిపితే బండి దాచుకున్న లోపాల కోడ్లు కనబడతాయి.

అయితే కోడు చెప్పేది లక్షణాన్ని. పీ0171 అంటే ఇంధనం పాళ్ళు తక్కువయ్యాయని. దానికి కారణం చీలిన రబ్బరు పైపు కావచ్చు, ఫ్యూయల్ పంపు కావచ్చు, సెన్సర్ కావచ్చు. పీ0420 అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉండటం వల్ల అది ఖరీదైన భాగం. కానీ సైలెన్సర్ జాయింటు దగ్గర గాలి పీల్చినా అదే కోడు రావచ్చు. కోడు చూసి సామాను మార్చుకుంటూ పోయే షెడ్డులో బిల్లు పెరుగుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది.

అమ్మేముందు కోడ్లు చెరిపేయడం నిమిషం పని. దానికి విరుగుడు కూడా ఆ స్కానర్‌లోనే ఉంది. కోడ్లు చెరిపితే బండి తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా చెరిగిపోతాయి. అవి మళ్ళీ పూర్తి కావాలంటే రకరకాల వేగాల్లో కొంత దూరం నడవాలి. ఒక్క కోడు కూడా లేకుండా, పరీక్షలు చాలావరకు 'పూర్తి కాలేదు' అని చూపిస్తే ఎవరో ఇటీవలే చెరిపారనో, బ్యాటరీ తీసి పెట్టారనో తెలుసుకోవచ్చు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఇంజన్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని కనబడకుండా చేశారేమోనని అనుమానించాలి.

బియ్యంలో రాళ్ళు, బజారులో కార్లు

పాత కార్ల బజారులో పాడు బండ్లే ఎక్కువగా తగలడానికి కారణాన్ని గణితంగా చూపించి నోబెల్ పొందిన ఆర్థికవేత్త జార్జ్ ఏకర్లాఫ్. 1970లో అచ్చయిన ఆయన 'ది మార్కెట్ ఫర్ లెమన్స్' వ్యాసం 13 పేజీలే. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 1967-68లో ఆయన ఢిల్లీలోని భారత గణాంక సంస్థలో ఒక ఏడాది ఉన్నారు. ఆ వ్యాసంలో కార్లతో పాటు మన పల్లెల వడ్డీ వ్యాపారులూ ఉన్నారు, బజారు బియ్యంలో కావాలని కలిపిన రాళ్ళను ఏరుకునే మన గృహిణులూ ఉన్నారు. 2001లో మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిసి ఆయన నోబెల్ అందుకున్నారు.

ఆయన వాదన ఇలా సాగుతుంది. బజారులో సగం కార్లు నాలుగు లక్షల విలువైన మంచివి, సగం రెండు లక్షల విలువైన పాడువి అనుకుందాం. ఏది ఏదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకే కొనేవాడు సగటు లెక్కన మూడు లక్షలకు మించి పెట్టడు. మంచి కారున్నవాడు ఆ ధరకు అమ్మడానికి ఇష్టపడక వెనక్కి తగ్గుతాడు. బజారులో పాడు కార్ల పాలు పెరుగుతుంది, ధర ఇంకా పడుతుంది. ఇంకొందరు మంచి అమ్మకందారులు తప్పుకుంటారు. ఎవరూ మోసం చేయాలని కూర్చోకపోయినా, సమాచారం ఒకవైపే ఉండటం వల్ల బజారు దిగజారుతుంది.

దీనికి అమ్మే సమయం కూడా తోడవుతుంది. యంత్రభాగాలు ఎప్పుడు పోతాయన్నది లెక్కగట్టే పద్ధతికి స్వీడన్ ఇంజనీరు వలోడి వైబుల్ 1951లో రాసిన వ్యాసం పునాది. తయారీ లోపాలు మొదట్లోనే బయటపడతాయి, తరవాత చాలాకాలం అప్పుడొకటి ఇప్పుడొకటి పోతుంది, చివర్లో అరుగుదల వల్ల అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. కారులో క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు దాదాపు ఒకే కాలానికి అరుగుదల దశకు చేరతాయి. ఆ బిల్లులు రాబోతున్నాయని ముందుగా తెలిసేది యజమానికే. అతను బండి అమ్మకానికి పెట్టేది కూడా చాలాసార్లు అప్పుడే.

లెక్క వేసుకుని కొనడం

అడిగే ధర మూడున్నర లక్షలు అనుకుందాం. మెకానిక్ చూసి తప్పక చేయించాల్సినవి చెప్పాడు: టైర్లకు 18,000, బ్యాటరీకి 5,000, బ్రేకులకు 4,000, క్లచ్‌కు 12,000. మొత్తం 39,000. ఇక తేల్చి చెప్పలేనివి. గ్యాస్‌కెట్ పోయే అవకాశం పదింట ఒకటి, పోతే 40,000. గేర్‌బాక్స్ పోయే అవకాశం ఇరవయ్యింట ఒకటి, పోతే 60,000. అవకాశంతో ఖర్చును గుణిస్తే 4,000, 3,000. అన్నీ కలిపి 46,000. అంటే ఈ బండికి మూడు లక్షల నాలుగు వేలకు మించి ఇవ్వకూడదు. ఈ అంకెలు ఉదాహరణకే, పద్ధతి మాత్రం ఏ బండికైనా పనికొస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 4,000 అనేది సగటు. నిజంగా వచ్చే బిల్లు సున్నా అయినా అవుతుంది, 40,000 అయినా అవుతుంది. కాబట్టి ఉన్న డబ్బంతా కారులో పెట్టేయకుండా, తగిలే అవకాశమున్న ఒక పెద్ద బిల్లుకు సరిపడా చేతిలో ఉంచుకోవాలి. రెండు మూడు వేలు పెట్టి లిఫ్ట్ మీద ఎక్కించి, కంప్రెషన్ చూపించి, స్కాన్ చేయించడం వల్ల లాభం కూడా ఇక్కడే ఉంది. పదింట ఒకటి అనుకున్న అవకాశం దాదాపు సున్నాకైనా దిగుతుంది, ఖాయమని తేలి బండి వదిలేసేలాగైనా చేస్తుంది.

ఏ లోపాలున్న బండి కొనవచ్చు? పైపైన ఉన్నవి, ఖర్చు ముందే తెలిసేవి. టైర్లు, బ్యాటరీ, వైపర్లు, బుష్‌లు, బ్రేక్ ఆయిల్ వంటివి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తలో కనీస మరిగే హద్దు 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. ఘాట్ రోడ్డులో ప్రమాదకరమే అయినా ఆయిల్ మారిస్తే తీరిపోతుంది. బేరానికి ఇలాంటి లోపాలు మంచి ఆయుధాలు. లోతున ఉన్నవి, ఇంకొకదాన్ని ఈడ్చుకొచ్చేవి మాత్రం వేరే తరగతి: కాగిన ఇంజన్, గేరు మారేటప్పుడు తన్నే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మునిగిన బండి, కాచి తిన్నగా చేసిన పిల్లర్లు. ఎలక్ట్రిక్ కారు అయితే ప్రశ్నలన్నీ దాదాపు బ్యాటరీ గురించే: అందులో ఇంకా ఎంత సామర్థ్యం మిగిలింది, దాని వారంటీ కొత్త యజమానికి వర్తిస్తుందా అని.

కాగితాల్లో కూడా రిపేరు ఖర్చులుంటాయి. ఢిల్లీలో 10 ఏళ్ళు దాటిన డీజిల్ కార్ల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టినప్పటి నుంచి అక్కడి బండ్లు చవగ్గా మన వైపు వస్తున్నాయి. ఆ చవక ధరలో ఇక్కడ కట్టాల్సిన పన్ను, నిరభ్యంతర పత్రం, మళ్ళీ రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసి ఉండవు. యాజమాన్యం మారడానికి 29, 30 ఫారాలు ఇవ్వాలి, అప్పు ఉంటే 35వ ఫారం కూడా. పేరు మారకముందు ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డుల్లో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. కాబట్టి పేరు మార్పు తొందర కొనేవాడి కన్నా అమ్మేవాడికే ఎక్కువ ఉండాలి.

బ్రిటన్‌లో డీలరు దగ్గర కొన్న పాత కారులో అసలుకే లోపముంటే 30 రోజుల్లో తిప్పి ఇచ్చేసే హక్కును 2015 చట్టం ఇచ్చింది. మన 1930 సరుకుల అమ్మకం చట్టం మాత్రం, కొన్ని మినహాయింపులు తప్ప, చూసుకునే బాధ్యతను కొనేవాడి మీదే పెట్టింది. ఇద్దరు మనుషుల మధ్య జరిగే అమ్మకంలో బయానా ఇచ్చాక వెనక్కి వెళ్ళడం కష్టం. పరీక్షలకు పెట్టే డబ్బంతా బయానాకు ముందే పెట్టాలి.

ఇదంతా అమ్మేవాడి మీద అనుమానంతో చేసేది కాదు. ఏకర్లాఫ్ లెక్క ప్రకారం, పరీక్షించే మార్గం లేని బజారులో ఎక్కువ నష్టపోయేది బండిని శ్రద్ధగా చూసుకున్న యజమానే. అతని సర్వీసు బిల్లులకూ పక్కవాడి మాటలకూ ఒకే ధర పలుకుతుంది. పరీక్ష జరిగితే, కాగితం చూస్తే, ఆ శ్రద్ధకు విలువ వస్తుంది. ఈరోజు కొన్నవాడు నాలుగేళ్ళకు అమ్మేవాడవుతాడు. ఆయిల్ మార్చిన ప్రతి బిల్లునూ, బెల్టు మార్చిన తేదీనీ, మీటరు అంకెతో సహా ఒక ఫైలులో పెట్టుకుంటే, ఆ ఫైలు చూపించి బజారు సగటు కన్నా ఎక్కువ ధర అడగవచ్చు. సర్వీసుకు పెట్టిన డబ్బులో కొంతైనా అలా తిరిగి చేతికొస్తుంది.